ఉప్పెన ఏడాది పెళ్లి, స్కైలాబ్ ఏడాది అన్నప్రాశన

(దివి తాలూకా కరణంగారి పెద్దమ్మాయి, 1977లో బ్యాంకులో గుమాస్తాగా చేరి 2015లో రిటైరైన మా రచయిత్రి నిర్వహిస్తున్న ‘చిట్టా’ శీర్షిక. ‘మీ జీవితంలో ఒక తేదీ, దాని వెనక దేశంలో జరిగిందేమిటి’ అని పోయిన నెల అడిగితే ఉత్తరాలు బాగానే వచ్చాయి. వాటిలో అయిదింటికి జవాబులు ఇవి.)

ప్రశ్న: అమ్మా, నేను 2009లో బీటెక్ పాసయ్యాను, మా అన్నయ్య 2005లో. ఇద్దరిదీ ఒకే కాలేజీ, మార్కులు నాకే ఎక్కువ. అన్నయ్యకి చదువు పూర్తికాక ముందే ఉద్యోగం వచ్చింది, 2007లో అమెరికా వెళ్లాడు. నాకు క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ ఇచ్చారు గానీ పదమూడు నెలలు ఇదిగో అదిగో అని ఆఖరికి పిలవనే లేదు. 2010 చివర్లో ఒక చిన్న కంపెనీలో చేరి ఇప్పటికీ అక్కడే ఉన్నాను. 2013లో నిజాంపేటలో ఫ్లాట్ కొన్నాను. ఇంట్లో ఏ ఫంక్షన్ జరిగినా ‘పెద్దాడు సెటిలయ్యాడు, చిన్నాడే పాపం’ అంటారు. ఇప్పుడు మా అబ్బాయి కూడా వింటున్నాడు, అదీ టెన్షన్. లోపం నాలోనే ఉందా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: బాబూ, మీ ఉత్తరం చదివి మా నాన్న చిట్టా తీశాను. ఎర్ర అట్ట, పొడుగు పుస్తకం, మడతల దగ్గర చెదలు తిన్నది. 1977 అక్టోబరు పేజీలో ఖర్చు వైపు ఒక వరస ఉంది: ‘పెద్దమ్మాయికి బ్యాంకి ఉద్యోగం. కొబ్బరికాయలు, కర్పూరం, బూందీ – రూ. 11.’ చాలా ఏళ్లు ఆ వరసని నా తెలివికి ఇచ్చిన సర్టిఫికెట్ అనుకుని మురిసిపోయాను.

అసలు సంగతి వేరు. 1969 జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. అప్పటికి దేశం మొత్తం మీద బ్యాంకు శాఖలు 8 వేల పైచిలుకు. 1980 నాటికి 32 వేలు దాటాయి. ఊరూరా శాఖ తెరిస్తే కౌంటర్ వెనక కూర్చోడానికి మనిషి కావాలి కదా. అట్లా కావలసివచ్చిన వేలమందిలో నేనొకదాన్ని. మా పిన్ని లెక్కల్లో నాకంటే చురుకు. నోటితోనే వడ్డీ కట్టేది. నాకంటే పదిహేనేళ్లు ముందు పుట్టింది, అంతే. ఎస్సెల్సీ పాసై, వంటింటి తలుపు వెనక బొగ్గుతో పాల లెక్కలు రాసుకుంటూ ఉండిపోయింది.

నాకు అన్నీ కలిసొచ్చాయని కూడా అనను. 1972–73లో జై ఆంధ్ర ఉద్యమానికి కాలేజీలు మూతపడి, బందరులో మా క్లాసు ఏడాది వెనకపడింది. అప్పుడు ఏడ్చాను. తీరా చూస్తే ఆ ఏడాది పోబట్టే, బ్యాంకు పరీక్ష పడే నాటికి ఖాళీగా దొరికాను. లేకపోతే ఈపాటికి రిటైరైన టీచరమ్మని.

ఇక మీ సంగతి. 2005లో మీ అన్నయ్య బయటికొచ్చేసరికి కంపెనీలు పిల్లల్ని కాలేజీ గేటు దగ్గరే బస్సెక్కించుకుంటున్నాయి. మీరు నాలుగో ఏట అడుగుపెట్టారో లేదో, 2008 సెప్టెంబరు 15న న్యూయార్కులో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. మన సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పని ఇచ్చేదాంట్లో పెద్ద వంతు అమెరికా బ్యాంకులు, బీమా కంపెనీలదే. వాళ్లు చేతులు ముడుచుకుంటే ఇక్కడ కొత్తవాళ్లని పిలిచే దిక్కేది? అది చాలదన్నట్టు 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ తమ లెక్కలు తప్పుడు లెక్కలని తానే ఉత్తరం రాశారు. అది మీ ఊరి కంపెనీయే. మీకు ఆఫర్ లెటర్ ఇచ్చిన హెచ్‌ఆర్ వాళ్ల బల్ల మీద కూడా మర్నాడు ఆ పేపరే ఉండి ఉంటుంది.

కెనడాలో ఆర్థికవేత్తలు ఇలాంటి బ్యాచ్‌ల జీతాలను ఏళ్ల తరబడి లెక్కగట్టి చూశారు. మాంద్యంలో పట్టా పుచ్చుకున్నవాళ్ల సంపాదన మొదట్లో 9 శాతం దాకా తక్కువట. అయిదేళ్లకు ఆ తేడా సగానికి వచ్చింది, పదేళ్లకు దాదాపు లేకుండా పోయింది. మరి తేరుకున్నది ఎట్లా అంటే, చాలావరకు కంపెనీ మారి. మొదట దొరికిన చిన్న చోటు వదిలి మెరుగైన చోటికి వెళ్లి.

ఇక్కడే మిమ్మల్ని ఒక మాట అనాలి, కోపం తెచ్చుకోకండి. 2009 మీ తప్పు కాదు. కానీ 2010లో చేరిన చోటే ఇన్నేళ్లు కదలకుండా ఉన్నారే, అది లేమన్ బ్రదర్స్ చేయించింది కాదు. పదమూడు నెలలు ఫోన్ చూసుకుంటూ కూర్చున్న భయం మిమ్మల్ని అక్కడ కట్టేసిందని నా అనుమానం. ఇప్పుడు మారాలో వద్దో నేను చెప్పలేను, మీ లైను నాకు తెలియదు. ఆలోచించేటప్పుడు మాత్రం ఆ పదమూడు నెలలని పక్కన పెట్టి ఆలోచించండి.

ఫ్లాట్ విషయం ఒకటి. 2013లో తెలంగాణ సంగతి తేలక హైదరాబాద్‌లో ఇళ్ల ధరలు పెద్దగా కదలని రోజులు. అదే ఫ్లాట్ ఈ రోజు కొనాలంటే మీ అన్నయ్య డాలర్లయినా కాస్త ఆలోచించాల్సిందే. ఫంక్షన్లలో ఆ మాట ఎవరూ ఎత్తరేం? అన్నయ్యని కూడా విడిగా ఓసారి అడగండి, గ్రీన్ కార్డు క్యూలో ఆయన ప్రయారిటీ డేట్, అంటే వరసలో ఆయన చోటు చెప్పే తేదీ, ఎంతవరకు వచ్చిందని. అక్కడున్న మనవాళ్లలో చాలామందికి జన్మనక్షత్రం కంటే ఆ డేటే ముఖ్యమైపోయింది. వాళ్ల దిగులు వాళ్లకి ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. సర్టిఫికెట్‌లో నా పుట్టినతేదీ 1976 జులై 1. అమ్మ ఒప్పుకోదు. ‘స్కైలాబ్ పడుతుందని ఊరంతా హడలిపోతున్న వారంలో నీకు అన్నప్రాశన చేశాం, ఆ ఏడే గోదావరి పుష్కరాలకి వెళ్తే నువ్వు రేవు దగ్గర పారాడావు’ అంటుంది. అసలు నేనెప్పుడు పుట్టాను?
– ఒక టీచరు, నూజివీడు

జవాబు: మీ అమ్మగారికి నమస్కారం చెప్పండి. ఆవిడ చెప్పింది మునిసిపాలిటీ రికార్డుకి ఏమాత్రం తీసిపోదు.

అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం ఆ స్కైలాబ్ కూలింది 1979 జులై 11న, ఆస్ట్రేలియా వైపు. గోదావరి పుష్కరాలు కూడా 1979లోనే. ఆడపిల్లకి అన్నప్రాశన అయిదో నెలలో చేస్తారు. వెనక్కి లెక్కేస్తే మీరు 1979 ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో పుట్టి ఉండాలి. పుష్కరాల నాటికి పారాడే వయసు, అదీ సరిపోయింది. ఇంకొక్క ప్రశ్న అడగండి: పురిటికి ముందు ఉగాది వచ్చిందా, తర్వాత వచ్చిందా? ఆ ఏడు ఉగాది మార్చి 28న. తర్వాత వచ్చిందంటే మీది కాళయుక్తి. ముందే వచ్చిందంటే సిద్ధార్థి, అప్పుడు నా లెక్క కొద్దిగా జరగాలి.

బ్యాంకులో ఖాతా తెరవడానికి వచ్చినవాళ్లని పుట్టినతేదీ అడిగితే నాకు దొరికిన జవాబులన్నీ ఇలాంటివే. ‘ఉప్పెనకి నేను చంకలో పిల్లనంట.’ ‘రామారావు గెలిచినప్పుడు పెద్దమనిషినయ్యాను.’ ‘ఇందిరమ్మని కాల్చిన రోజు నాకు నొప్పులు.’ మా మేనేజరు విసుక్కునేవాడు. నాకు మాత్రం పని సులువయ్యేది. 1977 నవంబరు 19, 1983 జనవరి, 1984 అక్టోబరు 31. ఫారంలో ఉజ్జాయింపుగా వేసుకున్నవాళ్ల జులై ఒకటి కంటే ఇవి నికరమైన తేదీలు.

ఉప్పెన అంటే గుర్తొచ్చింది. నేను చేరి నెలన్నర కాలేదు. నీళ్లు తీశాక తడిసిన లెడ్జర్లను మేడ మీద పరిచి, పేజీకో ఇటుక ముక్క పెట్టి ఆరబెట్టాం. సిరా కరిగి అంకెలు నీలి మరకలయ్యాయి. పాస్‌పుస్తకం లేదు, ఇల్లు లేదు, కొందరికి ఇంట్లోవాళ్లూ లేరు. వేలిముద్ర వేయడానికి చెయ్యి చాచి నిలబడేవాళ్లు. ఆ వారంలోనే నా పెళ్లి ముహూర్తం ఉండింది. నాన్న చిట్టాలో ‘పెళ్లి బియ్యం 6 బస్తాలు’ అని రాసినదాని మీద అడ్డగీత కొట్టి, పక్కన ‘గంజి కేంద్రానికి’ అని ఉంది. పెళ్లి మాఘానికి జరిగింది. అప్పుడేమో 1978 ఫిబ్రవరి అసెంబ్లీ ఎన్నికలు, తాలూకాలో ఖాళీ జీపన్నది లేదు. మగపెళ్లివారు ఆర్టీసీ బస్సులో దిగి, విడిదింటికి నడిచే వచ్చారు. మా అత్తగారు ఆ నడక సంగతి పోయేదాకా ఎత్తిపొడుస్తూనే ఉన్నారు.

మీ జులై 1 ఎక్కడిదంటే, బడిలో చేర్చిన రోజు మాస్టారు వేసింది. చేర్చుకోవడానికి వయసు చాలాలి కాబట్టి ఓ రెండు మూడేళ్లు ముందుకి తోశారు. దాని ఖరీదు ఇప్పుడు తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంటు వయసు 2022 జనవరి నుంచి 62. నెల మొదటి తేదీన పుట్టినవారు ముందు నెల ఆఖరునే దిగిపోవాలి, అంటే మీరు 2038 జూన్ 30న. అమ్మ లెక్కన అయితే 2041 దాకా ఉండేవారు. సర్వీసు రిజిస్టరులో తేదీ ఇన్నేళ్లకి మార్పించడం జరిగే పని కాదు, దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరగకండి. అయినా వయసు హద్దు కూడా రాయి మీద చెక్కిందేం కాదు. 1983 ఫిబ్రవరిలో దాన్ని 58 నుంచి 55కి దించితే వేలమంది ఒక్క కలంపోటుతో ఇంటికెళ్లారు. తర్వాత మళ్లీ 58 చేశారు. ఆ రెండిటి మధ్య 55 నిండినవాళ్లని తలుచుకోండి.

ప్రశ్న: అక్కయ్యగారూ, నాకు 1984 వైశాఖంలో పెళ్లయింది. నాన్నగారు వీలునామా రాయకుండా 1999లో పోయారు. పిత్రార్జితం ఆరెకరాలు తమ్ముళ్లిద్దరూ చేసుకుంటున్నారు. మొన్న అడిగితే ‘85కి ముందు పెళ్లయినవాళ్లకి హక్కు లేదు, పైగా మేం ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం’ అన్నారు. పెళ్లి ఏడాదిన్నర ఆలస్యమై ఉంటే హక్కు ఉండేదా? ఇదేం న్యాయం?
– ఒక గృహిణి, బాపట్ల

జవాబు: చెల్లెమ్మా, మీ తమ్ముళ్లు చెప్పింది ఒకప్పుడు నిజం. మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతో హక్కు ఇచ్చారు. చట్టం వచ్చింది 1986లో, అమలు మాత్రం 1985 సెప్టెంబరు 5 నుంచి. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకి ఆ హక్కు లేదన్నారు. దేశంలో చాలా రాష్ట్రాలకంటే ఇరవై ఏళ్లు ముందు చేసిన మంచి పనే, కానీ గీత గీసింది మన తాళిబొట్ల మధ్యన.

తమ్ముళ్లు చెప్పకుండా దాటేసింది తర్వాతి కథ. కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. పెళ్లి ఎప్పుడైందన్న పేచీ అందులో లేదు. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇంకో ముడి విప్పింది: కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదు. కాబట్టి 1999లో నాన్నగారు పోవడం మీకు అడ్డు కాదు. 2004 డిసెంబరు 20కి ముందే పంపకాలు జరిగిపోయి ఉంటే వాటిని కదపరు. అయితే ఆ పంపకం రిజిస్టరు కాగితమో కోర్టు డిక్రీయో అయి ఉండాలి. నోటిమాట పంపకాన్ని మామూలుగా ఒప్పుకోరు. ఎప్పటినుంచో ప్రభుత్వ రికార్డుల్లో విడివిడిగా ఉందని గట్టిగా రుజువైతే తప్ప. పోనీ ఇవన్నీ పక్కన పెట్టినా, 1956 చట్టం ప్రకారమే నాన్నగారి వాటాలో కూతురికి భాగం ఉంది. మీరు చేయాల్సింది, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించడం, రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బీలో ఎవరి పేరుందో చూడటం, ఆ కాగితాలు పట్టుకుని సివిల్ లాయరు దగ్గరికి వెళ్లడం. ఉత్తరంలో చూసి చెప్పింది సలహా మాత్రమే.

న్యాయమేనా అని అడిగారు. మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా నాన్న కరణం. మా పెద్దన్నయ్యకి పదహారో ఏటి నుంచే గొలుసు పట్టి కొలవడం, అడంగల్ రాయడం నేర్పాడు, తన తర్వాత వాడే కదా అని. 1984 జనవరి 6న ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణాలు, మునసబుల ఉద్యోగాలు రద్దు చేసింది. నాన్న చిట్టాలో ఆ రోజు జమ లేదు, ఖర్చూ లేదు, ఖాళీ. రైతుల్లో చాలామంది సంతోషించారు, కారణం లేకపోలేదు. అన్నయ్య మాత్రం ముప్పై ఒకటో ఏట విజయవాడలో ఎరువుల కొట్లో గుమాస్తాగా చేరాడు.

చెల్లెలి పెళ్లి 1985 జ్యేష్ఠంలో అనుకున్నది. మగపెళ్లివారింట్లో పెద్దాయన పోయి, సంవత్సరీకం అయ్యేదాకా ఆగమన్నారు. 1986 మాఘంలో చేశాం. ఆ ఆలస్యానికి అమ్మ ఎన్ని మొక్కులు మొక్కిందో. అదే కలిసొచ్చింది. సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని పిల్ల కాబట్టి 1994లో పొలం పంచినప్పుడు దానికి వాటా రాశారు. నాది 1978 పెళ్లి. పసుపు కుంకుమ కింద ఇచ్చిన అర ఎకరంతో సరి. మా పంపకం రిజిస్టరైంది గనక 2005 చట్టం నాకు అక్కరకు రాదు. నాన్న ఉద్యోగం తీసేసిన ప్రభుత్వమే చెల్లికి పొలం ఇచ్చింది. నాన్న ఆ రెంటినీ ఒకే చిట్టాలో రాసుకోవాల్సి వచ్చింది.

చెల్లి తన వాటాలో సగం నా పేర రాస్తానంది. వద్దన్నాను. ఆ వద్దనడంలో మంచితనం ఎంతో, రోషం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. మీరు మాత్రం వద్దనకండి.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వచ్చే మాఘంలో. బంగారం తగ్గేదాకా ఆగమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పెళ్లిని ఆపమంటున్నారా, బంగారాన్ని ఆపమంటున్నారా? నాన్న పద్దుల్లో నా పెళ్లికి కాసు 550 చొప్పున కొన్నట్టు ఉంది, పక్కనే ‘మండిపోతున్నది’ అని రాసుకున్నాడు. చెల్లి పెళ్లికి 1,700. అక్కడ ‘మండిపోతున్నది’ అని కూడా రాయలేదు. 1991లో దేశమే 47 టన్నులు విమానంలో లండన్‌కి పంపి తాకట్టు పెట్టి గండం గట్టెక్కింది. అప్పుడు ప్రధాని మన పీవీగారే. 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష దాటింది. రేపటి ధర చెప్పగలిగితే నేను ఈ శీర్షిక రాస్తూ కూర్చోను. పెట్టాల్సిన డబ్బు ఎంతో ముందు అనుకోండి, దానికి ఎన్ని తులాలొస్తే అన్ని. తులాలు ముందు అనుకుని అప్పుకి వెళ్లినవాళ్లని మా గోల్డ్‌లోన్ కౌంటర్లో చాలామందిని చూశాను. పెళ్లయిన మూడో నెలకే అదే నగ, అదే ఎర్ర డబ్బాలో, మా దగ్గరికి వచ్చేది.

ప్రశ్న: అమ్మమ్మగారూ, మా పెళ్లి 2016 నవంబరు ఆఖర్లో. మొన్న అటక సర్దుతుంటే చదివింపుల కవర్ల కట్టలో విప్పని కవరు ఒకటి దొరికింది, లోపల రెండు పాత వెయ్యి నోట్లు. బ్యాంకులో తీసుకుంటారా? ఇంట్లో ఉంచుకుంటే కేసంటున్నారు మా ఆయన.
– ఒక కోడలు, కాకినాడ

జవాబు: బ్యాంకులో తీసుకోరమ్మా, ఆ గడువు 2016 డిసెంబరు 30తోనే అయిపోయింది. కేసు కూడా కాదు. 2017 చట్టం ప్రకారం పాత నోట్లు పదికి మించి ఉంటేనే తప్పు. రెండు నిశ్చింతగా ఉంచుకోండి.

నవంబరు 8 రాత్రి నోట్లు రద్దయ్యాక, పెళ్లివారికి ఖాతాలోంచి రెండున్నర లక్షలు తీసుకోనిచ్చారు గుర్తుందా? శుభలేఖ చూపించాలి. నగదు ఎవరికి ఇస్తారో, వాళ్లకి బ్యాంకు ఖాతా లేదని పేరుపేరునా కాగితం రాయించుకు రావాలి. నేను అప్పటికి రిటైరయ్యాను గానీ, మా వీధిలో ఒక పెళ్లికి సన్నాయి మేళం ఆయన్ని, వంటవాణ్ణి, పూలమనిషిని కూర్చోబెట్టి ఆ కాగితాలు రాసింది నేనే. సన్నాయి ఆయన సంతకం పెడుతూ, ‘అమ్మా, ఖాతా ఉంది గానీ లేదని రాయండి’ అన్నాడు. రాయనన్నాను. ఆయనకి చెక్కు ఇచ్చారు, అది సంక్రాంతి ముందు మారింది.

మీ కవరు మీద ఎవరి పేరుందో రాయలేదు. దుకాణాలవాళ్లు తీసుకోని నోట్లని నవంబరు ఆఖర్లో తెలిసే చదివించారంటే, ఆ చుట్టం ఎవరో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలంగా ఉంది. పేరు అక్కర్లేదు. మీవైపా, అబ్బాయివైపా, అది చెప్పండి చాలు.